కుళ్ళు బాబాయి కన్ను పడని కంప్యూటర్

కుళ్ళు బాబాయికి ఒకటే అలవాటు. ఎవరింట్లో మంచి వస్తువు కనిపించినా ఓర్చుకోలేడు. ఇందులో వింతేముంది, మనమూ ఓర్చుకోలేం. కాకపోతే మనం పైకి "భలే ఉందండీ" అని నవ్వి, ఇంటికొచ్చి తలుపేసుకుని ఏడుస్తాం. బాబాయికి అంత ఓపిక లేదు. ఆ వస్తువు ముందే నిలబడి, కుడిచెయ్యి పొట్ట మీద వేసుకుని, వీధి మొత్తానికి వినిపించేలా కుళ్ళుకుంటాడు.

"ఏమిటయ్యా ఈ గేటు! ఇలాంటి గేటు పెట్టుకుంటే పక్కవాళ్ళం బతకొద్దా? కడుపు మండిపోతోంది నాకు!"

నీళ్ళ ఆఫీసులో గుమాస్తాగా చేసి రిటైరయ్యాక ఆయనకి ఇదే ఉద్యోగమైంది. పొద్దున్నే ఇస్త్రీ చొక్కా తొడుక్కుని మరీ కుళ్ళుకోవడానికి బయల్దేరతాడు. వీధి చివర గేటాయన గేటు చూసి కుళ్ళుకున్నాడు. పాలు పోసే మనిషి మీసం చూసి కుళ్ళుకున్నాడు. కాలు విరిగి మంచాన పడ్డ వాచ్‌మన్ చంకకర్రలు చూసి, "టేకు కర్రలే! పాలిష్ కూడానూ! ఏం వైభోగమయ్యా నీది, నాకూ ఉన్నాయి కాళ్ళు, ఎందుకు?" అని కళ్ళలో నిప్పులు పోసుకున్నాడంటే ఇక ఆ మనిషిని ఏమనాలి?

కొత్తలో జనం మొహం చిట్లించారు. రానురాను ఆ కుళ్ళే ఒక గౌరవమైపోయింది. ఎవరైనా సోఫా కొంటే ధర ఎవరూ అడగరు.

"బాబాయి చూశాడా?"

"చూశాడు."

"ఏమన్నాడు?"

"పేగులు తెగిపోతున్నాయన్నాడు."

"అబ్బ! అయితే గట్టి సోఫానే కొన్నారు."

ఆయన కళ్ళు తిప్పుకుని "బాగుంది" అన్నాడని కొత్త మిక్సీని షాపుకి తిరిగిచ్చేసిన వాళ్ళు కూడా ఆ వీధిలో ఉన్నారు.

అన్ని ఇళ్ళు చూసి కుళ్ళుకున్న ఆ మనిషి, ఒక్క ఇంటి విషయంలో మాత్రం ఏనాడూ పొట్ట మీద చెయ్యి వేసుకోలేదు. అది టైపక్క ఇల్లు.

టైపక్క ముందుగదిలో కంప్యూటర్ పెట్టుకుని వకీళ్ళ అర్జీలు, ఇళ్ళ అద్దె కాగితాలు, కాలేజీ పిల్లల ప్రాజెక్టు పుస్తకాలు టైపు చేసి బతుకుతుంది. ఎవరి దగ్గరా చెయ్యి చాచకుండా ఒక్కొక్కటే అమర్చుకున్న ఇల్లు. బీరువా కొన్నప్పుడు బాబాయిని పిలిచింది. "బాగుందమ్మా" అన్నాడు. ఫ్రిజ్ కొన్నప్పుడు పిలిచింది. "బాగుందమ్మా" అన్నాడు. కిటికీలకి నీలం పరదాలు కుట్టించి పిలిస్తే, పరదా పక్కకి జరిపి బయట ఎండ ఎంతుందో చూసి వెళ్ళిపోయాడు. ఆయన ఎవరిని చూసి కుళ్ళుకుంటే వాళ్ళని చూసి టైపక్క కుళ్ళుకునేది. పాలు పోసే మనిషి మీసం కనిపిస్తే చాలు ఆమెకి ఒళ్ళు మండేది. మనలాంటి మనిషే కాబట్టి, తలుపేసుకుని.

అలాంటి టైపక్క కొత్త కంప్యూటర్ కొంది. అట్టపెట్టె విప్పీ విప్పకముందే బాబాయికి కబురు వెళ్ళింది. ఆయన వచ్చి, మంచి కుర్చీ చూసుకుని కూర్చుని, ఇచ్చిన టీ తీసుకున్నాడు.

"తెర చూశారా బాబాయ్, ఎంత పెద్దదో?"

"చూశానమ్మా. పెద్దదే."

"నొక్కితే చాలు, వెలుగుతుంది. పాతదైతే నొక్కి, స్నానం చేసి రావాల్సి వచ్చేది."

"స్నానం ఎలాగూ చెయ్యాలిగా."

"అసలు చప్పుడే చెయ్యదు!"

"మంచిది. చప్పుడెందుకు?"

టైపక్క ఆయన కుడిచేతి వంకే చూస్తోంది. ఆ చెయ్యి టీ కప్పుని వదిలి పొట్ట వైపు వస్తుందేమోనని ఆశ. అది వచ్చింది కూడా. వచ్చి, బిస్కెట్ తీసుకుని వెళ్ళింది.

"బాగుందమ్మా" అని లేచాడు బాబాయి. గుమ్మం దగ్గర కింద పెట్టిన పాత కంప్యూటర్ కాలికి తగిలింది. "మరి దీన్నేం చేస్తావు?"

ఆ సంగతి టైపక్క అప్పటిదాకా ఆలోచించలేదు. భర్తని అడిగింది. ఆయన కార్లు నడపడం నేర్పుతాడు. ఇంట్లో ఎవరేం చెప్పబోయినా, ముందుజాగ్రత్తగా కుడికాలు బ్రేకు తొక్కినట్టు నేలకి నొక్కిపెడతాడు.

"అమ్మెయ్" అన్నాడు.

అమ్మబోతే అడవి, కొనబోతే కొరివి అని ఊరికే అనలేదు. పాత సామాన్ల షాపువాడు వచ్చి, మూత విప్పి, లోపలికి చూసి, చావింటికి పలకరింపుకి వెళ్ళినవాడిలా తల ఆడించాడు. "దీనికి నేను మీకివ్వడం కాదక్కా, తీసుకెళ్ళినందుకు మీరే నాకివ్వాలి" అన్నాడు. తుక్కు కొనేవాడు చేత్తో ఎత్తి బరువు చూసి, "కంప్యూటర్ సరే, పాత పేపర్లు ఏమైనా ఉన్నాయా?" అని అడిగాడు. ఎన్ని వేల పేజీలు టైపు చేసి ఇల్లు నిలబెట్టిన యంత్రం! టైపక్కకి ప్రాణం ఉసూరుమంది.

"పోనీ ఎవరికైనా ఊరికే ఇచ్చెయ్" అన్నాడు భర్త. "మూలింటి అమ్మాయి ఉందిగా."

మూలింటి అమ్మాయి మందుల షాపులో బిల్లులు కొట్టేది. షాపు మూతపడ్డాక ఇంట్లోనే ఉండిపోయింది. కిటికీ కూడా తియ్యడం లేదని, పలకరిస్తే పలకడం లేదని వాళ్ళమ్మ అందరి దగ్గరా వాపోతోంది.

"ఆ పిల్లకా?" టైపక్క గొంతు లేచింది. "ఆ పిల్ల వేళ్ళు చూశారా మీరు ఎప్పుడైనా? బిల్లు అడిగి చెయ్యి చాపేలోగా చేతిలో పెట్టేది. ఆ వేళ్ళకి నా కంప్యూటర్ ఇస్తే ఇంకేమైనా ఉందా? రేపు బోర్డు పెడుతుంది!"

"ఏం బోర్డు?"

"'ఇచ్చట టైపు చేయబడును' అని!"

భర్త కాలు నేలకి నొక్కాడు. "అయితే తుక్కువాడికే వేసెయ్."

వేసేసేదే. గడ్డివాము దగ్గర కుక్క తను తినదు, ఆవుని తిననివ్వదు. టైపక్కకి ఆ కుక్క మీద ఆ రోజు చాలా గౌరవం కలిగింది. కానీ సరిగ్గా అప్పుడే ఆమెకో ఆలోచన వచ్చింది. వస్తువులు చూసి కుళ్ళుకోని బాబాయి, మంచి మనసు చూసి కుళ్ళుకోడా? పనిచేసే కంప్యూటర్‌ని ఊరికే దానం చేసిన ఇల్లాలు ఆ వీధిలో ఇంకెవరున్నారు? కుళ్ళుకోక చస్తాడా!

వెంటనే పనిలో దిగింది. ముందు అందులో ఉన్న వకీళ్ళ రహస్యాలు, అద్దెల రహస్యాలు అన్నీ తుడిచేసింది. అంతవరకూ ధర్మమే. ఆ తర్వాత తాను ఏళ్ళ తరబడి తయారుచేసుకున్న అర్జీల నమూనాలు కూడా ఒక్కటి మిగల్చకుండా తుడిచేసింది. కంప్యూటర్ దానం చేస్తాం గానీ వ్యాపారం దానం చేస్తామా?

సాయంత్రం ఊరేగింపు బయల్దేరింది. ముందు టైపక్క, వెనకాల తెర మోస్తూ భర్త, ఆ వెనక డబ్బా మోస్తూ ఆయన దగ్గర కారు నేర్చుకుంటున్న బ్యాంకు మేనేజరు.

"మూలిల్లు ఇటు కదే?"

"అటైతే గాలి బాగుంటుంది. నడవండి."

ఆ గాలి బాగుండే దారిలోనే బాబాయి ఇల్లుంది. ఆయన అరుగు మీద కూర్చుని ఉన్నాడు.

"బాబాయ్! కంప్యూటర్ ఊరికే ఇచ్చేస్తున్నాను! మూలింటి అమ్మాయికి! దానం!"

బాబాయి మోస్తున్న వాళ్ళని జాలిగా చూశాడు. "బరువా?" అని అడిగాడు. అంతే.

మర్నాడు పొద్దున్న టైపక్క పళ్ళు తోముకుంటుంటే మూలింటి వైపు నుంచి కేక వినిపించింది.

"అమ్మో! ఏమిటే ఇది! నేను బతకాలా వద్దా!"

బ్రష్ నోట్లో ఉండగానే పరిగెత్తింది. బాబాయి ఆ ఇంటి గుమ్మంలో నిలబడి ఉన్నాడు. చెయ్యి పొట్ట మీద ఉంది. ఒక చెయ్యి కాదు, రెండు చేతులూ!

"ఆ ఫ్యాను చప్పుడు వినండయ్యా! విమానం లేచినట్టు లేదూ? ఒక్కళ్ళింట్లో ఇంత కంప్యూటరా? కళ్ళు పోతున్నాయి నాకు!"

జుట్టు కూడా దువ్వుకోని మూలింటి అమ్మాయి లోపల్నుంచి వచ్చింది. వీధి మొహం చూసి ఎన్నాళ్ళయిందో. "మీకెందుకు బాబాయ్ అంత ఏడుపు?" అంది, ముందు మెల్లగా. ఆయన ఇంకా గట్టిగా ఏడ్చేసరికి ఆమె గొంతూ పెరిగింది. "పక్కన ఒక్క చరుపు చరిస్తే గానీ ఇది లేవదు. ఎక్కడ చరవాలో నాకొక్కదానికే తెలుసు. మీకిచ్చినా నడపలేరు!"

ఆ చరుపు నిన్న సాయంత్రం నేర్పింది టైపక్కే. నోట్లో పేస్టు నురగ లేకపోతే ఆ మాట అక్కడే అనేసేది.

అదే కంప్యూటర్. అదే ఫ్యాను. తన ముందుగదిలో ఏళ్ళ తరబడి విమానంలా లేస్తుంటే ఈ మనిషి వచ్చి బిస్కెట్లు తిని వెళ్ళాడు!

పుండు మీద కారం చల్లినట్టు, నాలుగు రోజులకి మూలింటికి బోర్డు వచ్చింది. టైపక్క చెప్పిన మాటలే, అక్షరం పొల్లు పోలేదు. ఆ మర్నాడు వకీలు గారి గుమాస్తా కాగితాల కట్టతో టైపక్క ఇంటిదాకా రాకుండానే మూలింట్లోకి తిరిగిపోయాడు. నెలంతా ఇల్లు గడిపేది ఆ కట్టే. టైపక్క చెప్పులు వేసుకుని బాబాయి ఇంటికి నడిచింది.

బాబాయి లేడు. పిన్ని కూర తరుగుతోంది.

"పిన్నీ, బాబాయికి నేనేం ద్రోహం చేశాను?"

"ఏం చేశారమ్మా ఆయన?"

"ఏం చెయ్యలేదనే! ఊరందరినీ చూసి కుళ్ళుకుంటారు. నేనేం పాపం చేశానని? నా బీరువా బీరువా కాదా? నా ఫ్రిజ్ ఫ్రిజ్ కాదా?"

పిన్ని కత్తిపీట పక్కన పెట్టి నవ్వింది. "అదిగో, అది ఆయన కుర్చీ. నాలుగో కాలు ఉందా?"

లేదు. నాలుగో కాలి స్థానంలో ఇటుక ఉంది.

"నిజంగా ఓర్వలేని మనిషైతే ఆ ఇటుక కుర్చీలో కాలు మీద కాలేసుకుని పాటలు పాడుకుంటాడా? గేటు గురించి అంత గోల చేశారు కదా, మాకు గేటుందా? గేటాయన భాగస్వామి అతన్ని నిలువునా ముంచి పారిపోయాడు, గుర్తుందా? అతను గదిలోంచి బయటికి రాలేదు. ఎవరు వెళ్ళి ఓదార్చినా గోడ వైపు తిరిగి పడుకున్నాడు. ఈయన వెళ్ళి గేటు పట్టుకు ఊపుతూ అరిచారు. అతనికి ఒళ్ళు మండి లేచొచ్చి, 'నా గేటు నా ఇష్టం, నీకెందుకయ్యా' అని గంటసేపు దెబ్బలాడాడు. దెబ్బలాడాక ఆకలేసిందట. ఆ పూట అన్నం తిన్నాడు."

టైపక్కకి వాచ్‌మన్ చంకకర్రలు, మూలింటి అమ్మాయి దువ్వుకోని జుట్టు, అన్నీ ఒక్కసారే అర్థమయ్యాయి.

"ఓదారిస్తే మనిషి ఇంకా కుంగిపోతాడంటారు ఈయన. 'నీ దగ్గర నాకు లేనిదేదో ఉందిరా' అంటే లేచి కూర్చుంటాడట."

"మరి నేనో?"

"నేనూ అడిగాను ఒకసారి. 'ఆ పిల్లకి నా అవసరం ఏముందే, తలెత్తుకు తిరుగుతుంది. ఈ వీధిలో హాయిగా టీ తాగి, అరవకుండా బయటికొచ్చే ఇల్లు నాకదొక్కటే' అన్నారు."

అంటే ఇన్నాళ్ళూ టైపక్క ఇల్లు ఆయనకి సెలవురోజు!

అప్పుడే బాబాయి వచ్చాడు. పొద్దుటి నుంచి ఎక్కడ కుళ్ళుకున్నాడో గొంతు బొంగురుపోయింది. తిడదామని వచ్చిన టైపక్కకి తిట్టు రాలేదు, ఏడుపొచ్చింది.

"నేనేం తలెత్తుకు తిరగట్లేదు బాబాయ్. వకీలు గారి పని పోయింది. మిగతావీ పోతాయేమోనని భయంగా ఉంది. ఆ పిల్లని చూస్తే కడుపు మండుతోంది. ఇచ్చిందీ నేనే, ఏడ్చేదీ నేనే."

బాబాయి ఓదార్చలేదు. విప్పిన చెప్పులు మళ్ళీ తొడుక్కున్నాడు. "పద" అన్నాడు.

టైపక్క ముందుగదిలో కొత్త కంప్యూటర్ వెలిగించి, రెండు కిటికీలూ తెరిపించి, గుమ్మంలో నిలబడి గొంతు సవరించుకున్నాడు.

"చూడండయ్యా అన్యాయం! గోడంత తెర! చీమ నడిచినంత చప్పుడైనా లేదు! ఇలాంటిది పెట్టుకుని మా కళ్ళముందే తిరుగుతుందా ఈ మనిషి! కడుపు కాదు, కాళ్ళు కూడా మండుతున్నాయి నాకు!"

తలుపులు తెరుచుకున్నాయి. గేటాయన వచ్చాడు. పాలు పోసే మనిషి క్యాను దించి నిలబడ్డాడు. "టైపక్కని చూసి కుళ్ళుకుంటున్నాడా! ఇన్నాళ్ళకా!" అన్నారెవరో. ఇదంతా ఉత్తుత్తిదేనని టైపక్కకి తెలుసు. పిన్ని పూస గుచ్చినట్టు చెప్పింది కూడా. అయినా ఆమె వెన్ను తనంతట తానే నిటారుగా అయింది. దుమ్ము లేని తెరని కొంగుతో తుడుస్తూ నవ్వు ఆపుకోవడం ఆమె వల్ల కాలేదు.

మూలింటి అమ్మాయి కూడా వచ్చింది. తెర చూసింది. చూసి, పొట్ట మీద చెయ్యి వేసుకుంది. అది మాత్రం ఉత్తుత్తిది కాదు.

"అక్కా, నాకు నిజంగానే మండుతోంది" అంది. "వకీలు గారి కాగితాలు ఎలా మొదలుపెట్టాలో కూడా తెలియట్లేదు. ఆ డబ్బాలో ఒక్క నమూనా లేదు."

"రేపు రా, అన్నీ ఇస్తాను" అనేసింది టైపక్క. అన్నాక తనే ఉలిక్కిపడి, "గుమాస్తాని మాత్రం నాకు వదిలెయ్" అని సర్దుకుంది.

ఈలోగా బాబాయి గొంతు పూర్తిగా పోతోంది. ఆయన టైపక్క వైపు వంగి, ఎవరికీ వినపడకుండా అడిగాడు.

"చాలా అమ్మా?"

టైపక్క వీధిలోకి చూసింది. ఎదురు మేడ మీది వాళ్ళు ఇంకా బయటికి రాలేదు.

"ఇంకొంచెం బాబాయ్" అంది.