స్టీలుకి స్నానం నేర్పిన మా మేడమ్

పోయిన వారం పొద్దున్నే విశాఖపట్నం నుంచి ఫోను వచ్చింది. చేసింది ఒక మాజీ హవల్దారుగారి భార్య. "మేడమ్ అమ్మగారు ఎలిపోనారమ్మా. నిద్దట్లోనే," అంది. ఆవిడ ఏ బాధా పడలేదని, దగ్గర్లోనే ఉండేవారు కనుక ముందు రోజు సాయంత్రం కూడా తమ ఇంటికి నడుచుకుంటూ వచ్చారని, కాఫీ తాగి గ్లాసు తిరగేసి చూసి మరీ వెళ్ళారని చెప్పింది.

ఏడుపులోనే నాకు నవ్వొచ్చింది. మేడమ్ ఎవరింటికి వెళ్ళినా అంతే. స్టీలు గ్లాసులో ఏమిచ్చినా తాగేసి, తిరగేసి, అంచు మడత దగ్గర మచ్చ ఏదైనా మొదలైందేమోనని వెలుతురుకి పెట్టి చూసేవారు. ఇంటివాళ్ళు ఏమనుకుంటారోనని పక్కన నాకు బెరుకుగా ఉండేది. ఆవిడకి ఆ పట్టింపు లేదు. "మనిషికి మొహం చూడాలి, స్టీలుకి మడత చూడాలి" అనేవారు.

తొంభైల మొదట్లో నేను నిజామాబాద్ నుంచి పీహెచ్‌డీ చేయడానికి ఢిల్లీ వెళ్ళాను. ఆవిడే నా గైడు. లోహాలు ఎందుకు తుప్పు పడతాయి, పట్టకుండా ఏం చేయాలి అన్నదే ఆవిడ జీవితమంతా చేసిన పని. కాకినాడ మనిషి. భర్తగారు కేంద్ర ప్రభుత్వోద్యోగి కావడంతో ఆర్.కె. పురం క్వార్టర్లలో ఉండేవారు. హాస్టల్ రాజ్మా నాకు పడటం లేదని తెలిసి మొదటి ఆదివారమే భోజనానికి పిలిచారు. పప్పుచారు వడ్డిస్తూ పాఠం మొదలెట్టారు.

"స్టీలుకి ఒక చర్మం ఉంటుందమ్మాయ్. కంటికి కనపడదు. గీరుకుంటే మళ్ళీ తనే కప్పుకుంటుంది. అందుకే మీ అమ్మ ఎన్నేళ్ళు తోమినా గిన్నెకి ఏమీ కాదు. అంతకంటే పెద్ద విషయం ఏ పుస్తకంలోనూ లేదు. వడియాలు వేసుకో."

ఆ రోజుల్లో మేడమ్‌కి పేరు తెచ్చినది ఒక పూత. మన ఎముకలో ఉండే ఖనిజం లాంటి తెల్లని పదార్థాన్ని పలచగా స్టీలు మీద అంటించగలిగితే, విరిగిన ఎముకకి బిగించే ప్లేటుని శరీరం తనదిగా ఒప్పుకుంటుందని ఆవిడ నమ్మకం. పూత బాగానే వచ్చేది. నిలిచేది కాదు. స్క్రూ బిగించగానే పాత గోడ సున్నంలా పెచ్చులు ఊడేది. ఎన్ని రకాలుగా వేసినా అదే వరస. పెచ్చులని తెల్ల కాగితం మీదికి దులిపి, "సరే, మళ్ళీ వేద్దాం" అని లేచేవారు. ఆవిడ విసుక్కోవడం నేను చూడలేదు.

అలాంటి రోజుల్లో ఒక మధ్యాహ్నం హవల్దారు గారూ ఆయన భార్యా మా ల్యాబుకి వచ్చారు. శ్రీకాకుళం వాళ్ళు, కంటోన్మెంటులో ఉండేవారు. ట్రక్కు బోల్తా పడి ఆయన కాలి ఎముక విరిగితే ప్లేటు వేశారు. కొన్నాళ్ళకి కాలు వాచి, నొప్పి ఎక్కువై, మళ్ళీ తెరిచి ఆ ప్లేటు తీసేయాల్సి వచ్చింది. పూత విషయమై మేడమ్‌తో మాట్లాడుతూ ఉండే ఎముకల డాక్టరు గారే, ఆ ప్లేటు చూపించమని వాళ్ళని మా దగ్గరికి పంపారు.

చంకకర్రలు గోడకి ఆనించి, హవల్దారు గారు జేబురుమాలు విప్పారు. ప్లేటు మీద స్క్రూలు బిగించిన కన్నాల చుట్టూ గోధుమరంగు మరకలు. ఎముక అతకలేదని, పుండు మానాక ఇంకో ప్లేటు వేస్తామన్నారని ఆయన చెప్పారు. అదీ ఇలాగే అయితే ఆరోగ్యం సరిలేదని సైన్యం నుంచి ఇంటికి పంపేస్తారట. ఆయనది ఇంకా చిన్న వయసే. ఇద్దరు పిల్లలు కంటోన్మెంటు బడిలో చదువుకుంటున్నారు.

వెళ్ళబోతూ ఆయన భార్య మేడమ్‌ని అడిగింది. "ఇంట్లో స్టీలు గిన్నిలు ఎన్నేళ్ళు తోమినా తుప్పట్టవు గదమ్మా. ఈయన కాల్లో ఎట్టింది ఎందుకిలాగైపోనాది?"

మేడమ్ నోటి దాకా ఏదో జవాబు వచ్చి ఆగిపోవడం నేను చూశాను. "తెలీదమ్మా. తెలుసుకుని చెప్తాను," అన్నారు. అంత చదివిన మనిషి తెలీదు అనే మాటని అంత తేలిగ్గా అనడం నేను వినడం అదే మొదటిసారి. తర్వాత నా జీవితంలో ఎన్నోసార్లు నేను దాన్ని అరువు తెచ్చుకున్నాను.

ముందు, నాసిరకం స్టీలేమో అనుకున్నాం. పరీక్ష చేశాను. "గ్రేడ్ సరిగనే ఉన్నది మేడమ్. ఏ వంకా లేదు," అని చెప్పాను. సూక్ష్మదర్శిని కింద పెడితే స్క్రూ తల కింది సందుల్లో సన్నని గుంటలు కనిపించాయి. ఒంట్లో ఉండే ఉప్పునీరు అలాంటి సందుల్లో నిలవ ఉండి స్టీలుని తినడం తెలిసిన సంగతే. కానీ అదే ఆకారంలో ఉన్న వేరే ప్లేట్లు అంత త్వరగా పాడవడం లేదు. మరి దీనికేమైంది? మేడమ్ ప్లేటుని వేళ్ళ మధ్య తిప్పుతూ ఉండిపోయారు. చివరికి, "పుట్టిన చోటు చూద్దాం పద," అన్నారు.

పుట్టిన చోటు ఘాజియాబాద్‌లో ఒక చిన్న కార్ఖానా. యమున దాటి, కిక్కిరిసిన బస్సులో నిలబడి వెళ్ళాం. యజమాని మర్యాదస్తుడు. టీ తెప్పించి, తన మాల్ అంతా అవ్వల్ దర్జా, అంటే మేలు రకం సరుకని చెబుతూ షెడ్డు చూపించాడు. ఒక పక్క ఇనుప గేట్లు, కిటికీ గ్రిల్సు. వాటిని అరగదీస్తుంటే నిప్పురవ్వలు పువ్వొత్తుల్లా ఎగురుతున్నాయి. ఒక గేటు పని పూర్తవగానే అదే చక్రం మీద ఒకతను ఎముక ప్లేటుని పెట్టి మెరుగు పట్టాడు. అద్దంలా వచ్చింది. యజమాని గర్వంగా మేడమ్ చేతికిచ్చాడు.

మేడమ్ దాన్ని తిరగేసి చూసి, నా వైపు చూశారు. నా సంచీలో చిన్న సీసా ఒకటి ఉంది. స్టీలులో కలవకుండా విడిగా ఉన్న ఇనుము తగిలితే నీలంగా మారే మందు అది. అక్కడే, టీ బల్ల మీద, ప్లేటు మీద కొన్ని చుక్కలు వేశాను. అందరం వంగి చూస్తున్నాం. ముందు ఒక మూల, తర్వాత కన్నాల చుట్టూ, నీలం చుక్కలు పొడిచాయి. అద్దంలాంటి స్టీలు నిండా సిరా చల్లినట్టయింది.

యజమాని మొహం ముడుచుకుపోయింది. నా మాల్‌లో తుప్పా అన్నాడు. మేడమ్ కాకినాడ హిందీలో, అది అతని స్టీలు తప్పు కాదని నెమ్మదిగా చెప్పారు. గేటు ఇనుము పొడి చక్రానికి అంటుకుని, దాని నుంచి ప్లేటులోకి దిగబడుతోంది. గాయంలో ముల్లు ఉండిపోతే చర్మం మూసుకోనట్టే, ఇనుము రవ్వ ఉన్న చోట స్టీలు చర్మం కప్పుకోదు. తుప్పు అక్కడ మొదలవుతుంది.

"గేటు రుద్దిన చక్రంతోనే ఎముకలోకి వెళ్ళేదాన్ని రుద్దితే, గేటు కాస్తా ఎముకలోకి వెళ్తుంది భాయీసాబ్," అన్నారు.

పరీక్షించిన ప్లేటుని ఇక ఎవరికీ వేయకూడదని చెప్పి మేడమ్ దాన్ని తీసుకోబోతే, యజమాని వద్దని తన దగ్గరే ఉంచుకున్నాడు. మేము తిరిగొచ్చేటప్పుడు బస్సులో మేడమ్ సీటు దొరకకపోయినా హుషారుగా ఉన్నారు. వాడు ప్లేటు ఎందుకు ఉంచుకున్నాడో తెలుసా, మర్చిపోకుండా ఉండడానికి, అన్నారు. నాకు నమ్మకం కలగలేదు.

ఆవిడే గెలిచారు. కొన్ని రోజులకి ఆ యజమాని ల్యాబుకి వచ్చి, షెడ్డు మధ్యలో గోడ కట్టిస్తున్నాను, అవతల గేట్లు, ఇవతల ప్లేట్లు; ఇవతల ఏం చేయాలో చెప్పండి మేడమ్‌జీ అని అడిగాడు.

అయితే అంతలోనే మా ప్రాజెక్టు సమీక్ష వచ్చిపడింది. పెద్దలందరూ పూత సంగతి వినడానికి కూర్చున్నారు. ప్రాజెక్టు నిలబడాలంటే పూత నిలబడిందని చెప్పాలి. మేడమ్ లేచి, పూత ఇంకా సిద్ధంగా లేదని, దాన్ని కొన్నాళ్ళు పక్కన పెట్టి ప్లేట్లు శుభ్రం చేసే పద్ధతి మీద పని చేస్తానని చెప్పారు. గదిలో అందరూ మొహాలు చూసుకున్నారు. కడగడం కూడా పరిశోధనేనా అని ఒకాయన నవ్వాడు. అధ్యక్షుడు మాత్రం నవ్వకుండా, ఇన్నేళ్ళ పనిని ఇప్పుడు ఆపడం మీకే నష్టం కదా అన్నాడు.

"పూతకి టైముంది సార్. ఆ హవల్దారు కాలుకి లేదు," అన్నారు మేడమ్. అని, మురికి మీద పూత వేస్తే మచ్చ కనపడకుండా పోతుందే గాని, పోదని వివరించారు. చివరికి అధ్యక్షుడు ఒప్పుకున్నాడు, తర్వాతి సమీక్ష దాకా మాత్రమే.

బయటికి వచ్చాక, తర్వాతి సమీక్షలో ఏమవుతుందోనని దారంతా అడుగుతూనే ఉన్నాను. మేడమ్ ఆర్.కె. పురం బస్‌స్టాపు దగ్గర దిగి బ్రెడ్ పకోడా కొనిపెట్టారు. "ఒంటికైనా స్టీలుకైనా ముందు స్నానం, తర్వాతే నగలు. ఇందులో భయపడ్డానికేముంది? తిను," అన్నారు.

స్నానం అన్న మాట అప్పటినుంచి స్థిరపడిపోయింది. గోడకి ఇవతల కొత్త చక్రాలు, కొత్త పనిముట్లు వచ్చాయి. మెరుగు పట్టిన ప్లేటుని ఆమ్లపు తొట్టెలో కరెంటుతో నునుపు చేసి, తర్వాత నైట్రిక్ ఆమ్లంలో ముంచి, ఏ మూలనైనా మిగిలిన ఇనుము పొడిని కరిగించేయడం. అప్పుడు స్టీలు చర్మం దిట్టంగా, ఎక్కడా చిల్లు లేకుండా కప్పుకుంటుంది. కార్ఖానాలో పనివాళ్ళు ఒకరినొకరు "నహా లియా?" అని, అంటే స్నానం అయిందా అని అడుగుతుంటే, అది ప్లేటు గురించి.

ల్యాబులో పాత పద్ధతి ప్లేట్లనీ కొత్తవాటినీ ఒంటి వేడిలో ఉంచిన ఉప్పునీటి తొట్లలో పక్కపక్కన పెట్టాం. ఢిల్లీ ఎండాకాలం, కరెంటు ఎప్పుడు పోతుందో తెలియదు. పోయినప్పుడల్లా మేడమ్ తొట్ల మీద దుప్పటి కప్పి, పక్కనే కుర్చీ వేసుకుని కూర్చునేవారు. పాతవాటి నీళ్ళు తేనె రంగుకి తిరిగాయి. కొత్తవాటి నీళ్ళలో అడుగున ఉన్న నంబరు స్పష్టంగా చదవగలిగేదాన్ని. డాక్టరు గారు వచ్చి, రెండు తొట్లూ చాలాసేపు చూసి, హవల్దారు గారికి ఈ కొత్తదే వేస్తానన్నారు.

వేశారు. ఆ రోజు మేడమ్ ఆసుపత్రి వరండాలో హవల్దారు గారి భార్య పక్కన బెంచీ మీద కూర్చుని ఉన్నారు. వాళ్ళిద్దరూ ఏం మాట్లాడుకున్నారో నాకు తెలియదు. నేను వెళ్ళేసరికి మేడమ్ ఆమెకి స్టీలు చర్మం కథ చెబుతున్నారు. ఆమె అడిగిన ప్రశ్నకి అప్పటికి జవాబు దొరికింది మరి.

ఎముక అతికింది. ఆయన చంకకర్రలు వదిలేశారు, తర్వాత చేతికర్ర. ఏడాది దాటాక డాక్టరు గారు ప్లేటు తీసేసి, స్వయంగా ల్యాబుకి తెచ్చి మేడమ్ చేతిలో పెట్టారు. పెట్టినప్పుడు ఎలా ఉందో అలాగే ఉంది. కన్నాల చుట్టూ, స్క్రూ తలల కింద, మేడమ్ భూతద్దం పెట్టి ఎంత వెతికినా ఒక్క మరక లేదు. భూతద్దం దించి ఆవిడ నా భుజం మీద గట్టిగా చరిచారు. ఆ తర్వాత ల్యాబులో ఉన్నవాళ్ళందరికీ, వాచ్‌మన్‌తో సహా, దాన్ని చూపించి వచ్చారు.

ఇంకో విశేషం. పక్కన పెట్టిన పూతని ఆ శీతాకాలం మళ్ళీ బయటికి తీశాం. స్నానం చేయించిన స్టీలు మీద అదే పూత వేసి స్క్రూ బిగించాను. ఊడలేదు. ఇంకా బిగించాను. ఊడలేదు. ఇన్నాళ్ళూ పూతని నిలవనివ్వనిది కూడా ఆ కంటికి కనపడని మురికే. తర్వాతి సమీక్షలో, కడగడం పరిశోధనేనా అన్న పెద్దమనిషే ముందుగా బల్ల మీద చరిచి చప్పట్లు కొట్టాడు. మేడమ్ ఆయనకి నమస్కారం పెట్టి, తొట్లు చూడడానికి రమ్మని పిలిచారు.

ఆ జనవరిలో హవల్దారు గారికి సైన్యంలో పరుగు పరీక్ష. అది నెగ్గితే మామూలు ఉద్యోగం, లేకపోతే ఇల్లు. మేడమ్‌నీ నన్నూ రమ్మన్నారు. ధౌలా కువాన్ దగ్గర బస్సు దిగి, ఆటోలో కంటోన్మెంటు మైదానానికి వెళ్ళాం. పొగమంచు. చీర మీద స్వెటర్, దాని మీద శాలువా, తలకి మఫ్లరు కట్టుకుని మేడమ్ నిలబడ్డారు. జవాన్ల గుంపు మంచులోకి వెళ్ళిపోయి, మళ్ళీ బయటపడుతోంది. ప్రతిసారీ ఆయన ఉన్నారా అని వెతికాం. ఉన్నారు. చివరి చుట్టులో ఆయన కుంటకుండా, తల ఎత్తి, గుంపు మధ్యలో గీత దాటారు. ఆయన భార్య రెండు చేతులతో మొహం కప్పుకుంది. మేడమ్ ఆమెని దగ్గరికి తీసుకున్నారు.

ఆయన్ని తోటివాళ్ళు భుజాల మీదికెత్తుకుని టీ దగ్గరికి తీసుకుపోయారు. మైదానం ఖాళీ అయింది. అప్పుడు మేడమ్ శాలువా తీసి నా చేతికిచ్చి, చెప్పులు విడిచి, కుచ్చెళ్ళు కాస్త పైకి దోపుకున్నారు.

"రావే, మనమూ ఒక చుట్టు," అని హవల్దారు గారి భార్య చెయ్యి పట్టుకున్నారు.

ఇద్దరూ పరిగెత్తారు. ముందు సిగ్గుపడుతూ, తర్వాత నిజంగానే. మైదానం అవతలి కొసకి వెళ్ళేసరికి పొగమంచులో ఇద్దరూ నాకు కనపడలేదు. నవ్వులు మాత్రం వినబడుతూనే ఉన్నాయి.