నేలకు దిగిన గడప

మా పెద్ద మేస్త్రి పోయాడని ఆయన కొడుకు వాళ్ళ ఊరి నుంచి ఫోన్ చేసినప్పుడు నేను ఖతర్‌లో, అల్ ఖోర్ లేబర్ క్యాంపులో కంపెనీ బస్సు కడుగుతున్నాను. "పొద్దున చాయ్ తాగుకుంట అరుగు మీద ఒరిగిండన్నా. గంతే" అన్నాడు. దాచడం దేనికి, ఏడుపు కన్నా ముందు నా గుండె తేలికపడింది. ఇరవై ఏళ్ళు ఖతర్‌లో తలుపులు బిగించిన మనిషి శవపెట్టెలో ఇంటికి చేరలేదు. సొంత అరుగు మీద కన్ను మూశాడు. ఇక్కడ మేమందరం లోలోపల కోరుకునేది అదే.

ఆయన వడ్రంగి. వెస్ట్ బే టవర్లలో ఎన్ని ఆఫీసులకు తలుపులు పెట్టాడో ఆయనకే తెలియదు. ఏ తలుపైనా బిగించడం అయిపోగానే వేలి కణుపుతో రెండుసార్లు తట్టేవాడు, లోపల ఎవరూ లేకపోయినా. అదేం అలవాటని మేము నవ్వేవాళ్ళం.

జగిత్యాల దగ్గర మా ఊళ్ళో నేను ఇల్లు మొదలుపెట్టినప్పుడు నాకు విల్లా తలుపుల పిచ్చి పట్టింది. దారిలో కనిపించినవన్నీ ఫోటోలు తీశాను. రెండు రెక్కలు, ఇత్తడి పిడులు, మనిషికి రెండింతల ఎత్తు. ఒక శుక్రవారం ఆయన ముందు పెట్టి, "ఏది మంచిగుంటది కాకా?" అన్నాను. ఆయన ఫోను పక్కన పెట్టేశాడు.

"నీ పెండ్లాం కర్ర ఏ చేత పట్టుకుంటది?"

నాకు తెలియదు. నేను సెలవు ముగించుకుని తిరిగొచ్చాకే ఆమె బండి మీద నుంచి పడి కాలు విరగ్గొట్టుకుంది. వీడియో కాల్‌లో ముఖం కనిపిస్తుంది గానీ కర్ర కనిపించదు. సిగ్గుపడుతూనే ఫోన్ చేసి అడిగాను.

"కుడి చేత. ఇప్పుడు యాదికొచ్చిందా?" అంది.

"అట్లయితే పిడి ఎడమకు రావాలె. ఒక్క రెక్క సాలు, జర ఎడల్పు పెట్టు" అంటూ మేస్త్రి సిమెంటు సంచి కాగితం మీద గీశాడు. "కడప నేలకు సమానంగ ఉండాలె."

నా భయమంతా ఆ గడప దగ్గరే ఉంది. ఎత్తు గడప లేని కొంపలో కాలు పెట్టనని మా అత్తమ్మ అప్పటికే భీష్మించుకు కూర్చుంది. అద్దె ఇంట్లో గడప తగిలి నా భార్య రెండుసార్లు పడింది. ఎవరి మాట తీసెయ్యాలో తెలియక నలిగిపోతున్నాను.

"కడప వద్దన్ననా? టేకు చెక్కనే పెట్టు, నేలల దించి పెట్టు. కింద నవధాన్యాలు పోసి, మీద పసుపు పుయ్యి. లచ్చిమి గూడ సుఖంగ నడిచొస్తది" అన్నాడు.

పోయినేడు ఆయన ఖతర్ వదిలి వెళ్ళాక, నాకు చెప్పకుండానే మా ఊరికి బస్సెక్కాడు. మా ఊరి వడ్రంగి అలవాటు కొద్దీ గడప ఎత్తుగానే పెట్టబోతుంటే ఆపి, తనే కూర్చుని దించాడట. మూతి ముడుచుకున్న అత్తమ్మ కూడా చివరికి పసుపు గిన్నె పట్టుకుని వచ్చిందట. అప్పుడే నేను హాయిగా ఊపిరి పీల్చుకున్నాను.

ఆయన కొడుకు ఫోన్ పెట్టేశాక, మా తలుపు బిగించిన రోజు మేస్త్రి తీసి పంపిన వీడియో మళ్ళీ చూశాను. ముందు తలుపు మీద రెండు దెబ్బలు వినిపిస్తాయి. నా భార్య ఎడమ చేత్తో పిడి తిప్పి, కిందికి చూడకుండా లోపలికి నడుస్తుంది. గడప మీది తడి పసుపు కర్ర కింది రబ్బరుకు అంటుకుని, కొత్త బండల మీద అడుగుకో గుండ్రటి చుక్క, వంటింటి దాకా. ఎవరో గుడ్డ తీసుకుని పరుగెత్తుకొస్తారు. ఫోను వెనక నుంచి ఆయన గొంతు:

"తుడ్వకుండ్రి. ఉండనియ్యుండ్రి."