ఇల్లు మారితే మనుషులు పోయినట్టేనా?

అరకులో మా ఆఫీసుకు కొత్తగా వచ్చిన కంప్యూటరు ఇవాళ ఒక కుటుంబాన్ని మొత్తంగా మాయం చేసేసింది. పోయినేడు రాసుకున్న ఊళ్ల వివరాలనూ ఈ ఏటివాటినీ పోల్చి, ఏం మారిందో చెప్పే ప్రోగ్రాం రాసిన ఘనకార్యం నాదే. ఆ వివరాలు ఊరి లోపల ఇళ్లు, ఇంటి లోపల మనుషులు అన్న వరసలో ఉంటాయి. పొద్దున్న నడిపితే కొండమీది ఊళ్లో ఒక ఇంటివాళ్లందరూ 'లేరు' అని అచ్చయింది. లేనివాళ్లకు మా ఆఫీసు పంచే కాఫీ మొక్కలివ్వరు. అనుమానమొచ్చి జీపెక్కాను.

ఆ ఇల్లు ఖాళీగానే ఉంది. పక్కనే కొత్త పాక ముందు ఆ ఇంటి పెద్దావిడ సామలు చెరుగుతోంది.

"మీరెవరూ లేరంటోందమ్మా మా కంప్యూటరు," అన్నాను.

"ఆ ఇంట్లో మా ముసిలోడు సచ్చిపోనాడు బాబూ. మనిసి పోయిన ఇంట్లో మేం మరి పొయ్యి ఎలిగించం. అందుకే ఇటు కట్టుకున్నాం. మీ మిసనీకి ఏటి తెలుస్తాది?" అని నవ్వింది.

నిజమే. ఇంటి నంబరు కలవకపోతే నా ప్రోగ్రాం లోపలి మనుషుల్ని చూడనే చూడదు. తిరిగొచ్చి, ముందు మనుషుల్ని, ఆ తర్వాతే ఇంటిని పోల్చేలా మార్చాను. మళ్లీ నడిపితే అందరూ కొత్త ఇంట్లో కనిపించారు. 'లేరు' కింద ఒక్క పేరే మిగిలింది. ఆ ముసలాయనది. పొద్దున్న అంతమందిలో ఆ పేరు నా కంటికి ఆనలేదు.

మన ఆఫీసు గోడపత్రికలో ఈ కాగితం కింద ఖాళీ వదిలాను. ఆయన్ని ఎరిగినవాళ్లు రెండు మాటలు రాయండి. కంప్యూటరుకు ఇక ఆయనతో పనిలేదు.