బామ్మర్ది బిగించిన బోల్టులు

నాకు అసూయ ఎక్కువ. దాచుకుని లాభం లేదు. పక్కవాడి పానా నా పానా కంటే కాస్త మెరుస్తున్నా ఆ పూట నాకు అన్నం సయించదు. కానీ సొంత బామ్మర్ది మీద అంత కుళ్లు పెట్టుకుంటానని మాత్రం ఎప్పుడూ అనుకోలేదు.

కరోనా వచ్చిన మొదటి ఏడాది అది. సూరత్‌లో మరమగ్గాలన్నీ ఆగిపోయాయి. మావాళ్లు వాటిని సాంచాలంటారు. మా ఆవిడ తమ్ముడు సాంచాల ఫిట్టర్. తోటివాళ్లంతా దొరికిన బండెక్కి ఊళ్లకు వెళ్లిపోతే, వాడు అమ్రోలి బస్తీలో మా ఒక్క గదిలోనే సర్దుకున్నాడు. లాక్‌డౌన్ సడలించాక నేనే వాణ్ణి వెంటబెట్టుకుని వెళ్లి గ్యారేజీలో పనికి కుదిర్చాను. అక్కడ ఎన్నో ఏళ్లుగా పెద్ద మెకానిక్‌ని నేనే. యజమాని సేఠ్ నన్ను పేరు పెట్టి పిలవడు, ఉస్తాద్ అంటాడు. ఆ పిలుపంటే నాకు ప్రాణం.

మూడు నెలలు తిరక్కుండానే వాడు గేర్‌బాక్సులు విప్పడం మొదలుపెట్టాడు. సాంచాల మీద తిరిగిన చేతులు కదా, ఎక్కడ ఎంత వదులుందో వేలితో తాకి చెప్పేసేవాడు. ఇంట్లో మా ఆవిడ అన్నం వడ్డిస్తూ, "మా తమ్ముడు అప్పుడే మస్తు పని నేర్చిండట గద!" అని మురిసిపోయేది. "ఆఁ, నేర్చిండు" అనేవాణ్ణి. కంచం పక్కకు నెట్టి లేచేవాణ్ణి.

ఈలోగా గిరాకీ పడిపోయింది. దీపావళి దాటాక మీ ఇద్దరిలో ఒక్కణ్ణే ఉంచుకోగలనని సేఠ్ తేల్చి చెప్పాడు. ఆ ఒక్కడు ఎవరో మాత్రం చెప్పలేదు. నాకు నిద్ర కరువైంది.

సరిగ్గా అప్పుడే ఒక చీరల వ్యాపారి తన పాత స్పోర్ట్స్ కారు తెచ్చాడు. ఎర్రటి బండి, రెండే సీట్లు. నెలల తరబడి షెడ్డులో కదలకుండా పడి ఉంది. బయటికి తీస్తే, ఏ గుంటలో పడినా ముందు చక్రాల దగ్గర టకటకమంటోంది. జాకీల మీద లేపి చూశాను. చక్రాలను పట్టి ఉంచే ఆర్మ్‌లు బాడీకి కలిసేచోట రబ్బరు బుష్‌లుంటాయి. అవి పగిలి పెచ్చులూడుతున్నాయి. ఆ మోడల్ రావడం ఎప్పుడో ఆగిపోయింది. బుష్‌లు దొరకవు, నావల్ల కాదని చెప్పేశాను.

"జర ఆగు బావా," అన్నాడు వీడు. "ఈడికి దగ్గర కిమ్ ఊళ్ల రబ్బర్ కార్ఖానా ఉంది. సాంచాల సామాన్ గాడనే చేపిచ్చెటోళ్లం. ఈ లోపలి ఇనుప గొట్టాలిస్తే, వాటికే కొత్త రబ్బర్ అతికిచ్చి ఇస్తరు."

వారంలో చేయించుకొచ్చాడు. నల్లగా నిగనిగలాడుతున్నాయి. సేఠ్ ఒకటి చేతిలోకి తీసుకుని, అటూ ఇటూ తిప్పి చూసి, వాడి భుజం తట్టి "వాహ్ ఉస్తాద్!" అన్నాడు. నా పిలుపు అది. నేను అక్కడే, పక్కనే నిలబడి ఉన్నాను! పైగా ఈ కారు వాణ్ణే చేయనివ్వు, నువ్వు పక్కనుండి చూసుకో అన్నాడు.

చూసుకున్నాను. వాడు ప్రెస్ మీద పాత బుష్‌లను నెట్టేసి, సబ్బునీళ్లు రాసి కొత్తవి ఎక్కించాడు. ఆర్మ్‌లు తగిలించాడు. వంక పెడదామంటే ఒక్కటి దొరకలేదు. బోల్టులు చేత్తో తిప్పి, పెద్ద పానా అందుకున్నాడు. కారింకా జాకీల మీదే ఉంది, చక్రాలు కిందికి వేలాడుతున్నాయి.

ఆ రబ్బరు బుష్‌ల బోల్టులను కారు గాల్లో ఉండగా పూర్తిగా బిగించకూడదు. చక్రాలు నేలకు దించి, బండి బరువు పడ్డాకే ఆఖరి బిగింపు. లేకపోతే దించగానే రబ్బరు మెలిపడి, ఎప్పటికీ ఆ మెలికలోనే ఉండి, కొన్నాళ్లకే చీలిపోతుంది. వాడికి ఈ సంగతి ఎలా తెలుస్తుంది? సాంచాల దగ్గర వాడు నేర్చింది వేరు. మిషన్ ఆపి, బరువంతా తీసేసి, కదలకుండా ఉన్నప్పుడే అన్నీ గట్టిగా బిగించాలి. చేతులకు అదే అలవాటు.

అయినా పానా పెట్టి ఒక్క క్షణం ఆగాడు. "బిగియ్యాల్నా బావా?" అని అడిగాడు.

"బిగియ్, గట్టిగ బిగియ్" అన్నాను.

దీపావళికి ముందే కారు తిరిగొచ్చింది. దారి పొడవునా కిర్రుకిర్రుమంటూ వచ్చింది. విప్పితే రబ్బరు ఇనుప గొట్టం దగ్గర చీలిపోయి ఉంది. వ్యాపారి ముందు సేఠ్‌కు తల కొట్టేసినట్టయింది. బోల్టులు ఎవడు బిగించాడు, ఉస్తాద్ ఏం చేస్తున్నాడని గ్యారేజీ అదిరేలా అరిచాడు. నేను బిగించమన్న సంగతి వాడు చెప్తే నా పని అయిపోయినట్టే.

"నేనే సేఠ్. అప్పుడు ఉస్తాద్ అక్కడ లేడు" అని వాడు హిందీలో చెప్పాడు. తలొంచుకుని తిట్లన్నీ తిన్నాడు. మర్నాటి నుంచి పనికి రావద్దన్నాడు సేఠ్.

ఇద్దరం ఇంటికి నడుస్తున్నాం. వాడే మాస్కు గడ్డం కిందికి లాక్కుని అన్నాడు: "మనాది వెట్టుకోకు బావా. నువ్వు సుత యాదిమర్చినవ్ గావొచ్చు. ఉస్తాద్ తప్పు జేసిండంటే నీ ఇజ్జత్ ఏముంటది? నాదేముంది, సాంచాలు నడుస్తున్నయి, మళ్ల పోత. అక్కకు సుత చెప్ప."

నేను మరిచిపోలేదురా అని చెప్పాల్సింది. ఇప్పటికీ చెప్పలేదు. అంత మంచితనం వీడికెక్కడి నుంచి వచ్చిందని ఆ నడిరోడ్డు మీద కూడా వాణ్ణి చూసి కుళ్లుకున్నాను.