క్లియర్ కొట్టనన్న క్యాషక్కయ్య

ఒక సోమవారం ఉదయం పదకొండు గంటలకి మా బస్సు డిపో ఉద్యోగుల గ్రూపులో ఒక మెసేజ్ వచ్చింది. "పన్నెండింటికి క్యాష్ మొత్తం ఖాళీ చేస్తున్నాను. పది నిమిషాల్లో అయిపోతుంది. ఎవరూ కంగారుపడి ఫోన్ చెయ్యొద్దు." కింద పేరు లేదు, కంప్యూటర్ రూమ్ అని మాత్రం ఉంది. పాసుల కౌంటర్లో క్యాష్ దగ్గర కూర్చునేది నేనే. చేరి అప్పటికి వారమైంది. చదివిన వెంటనే సొరుగుకి తాళం వేసి, తాళంచెవి మేజోడులో దోపుకుని, గేటు దగ్గర సెక్యూరిటీ ఆయనకి కబురు పెట్టాను. ఆయన ఇద్దరు మెకానిక్కుల్ని వెంటబెట్టుకుని, చేతిలో ఇంత పొడుగు పానా పట్టుకుని వచ్చి కౌంటర్ ముందు నిలబడ్డాడు. పాసుల కోసం వరసలో ఉన్న ముప్ఫై మందినీ రేపు రమ్మన్నాం. సరిగ్గా పన్నెండింటికి, కళ్లజోడు నుదుటి మీదకి తోసుకుని, టీ కప్పుతో ఒకావిడ మెట్లు దిగొచ్చి, ఇక్కడేమిటి ఈ గుంపు అని అడిగింది. మెసేజ్ పెట్టినావిడే.

అది వేరే క్యాష్ తమ్ముడూ అని నాకు చెప్పడానికి ఆవిడకి ఐదు నిమిషాలు పట్టింది. మేజోడులోంచి తాళంచెవి తియ్యడానికి నాకు ఇంకో ఐదు పట్టింది. ఆ రోజు నుంచీ డిపో అంతటికీ ఆవిడ క్యాషక్కయ్య.

ఆవిడ గది పై అంతస్తులో చిట్టచివర, స్టోర్ రూమ్ పక్కన. మిషన్లు వేడెక్కకూడదని అక్కడ ఏసీ ఎప్పుడూ గజగజలాడిస్తుంది. కింద యార్డులో డ్రైవర్లు చెమటలు తుడుచుకుంటుంటే, పైన ఈవిడ మోచేతి దగ్గర రఫ్ఫు చేసిన ఊదారంగు స్వెట్టర్, కాళ్లకి రెండు జతల మేజోళ్లు వేసుకుని కూర్చుంటుంది. వయసు యాభై నాలుగు. టైపిస్టుగా చేరింది. కంప్యూటర్లు వచ్చినప్పుడు వాటిని ముట్టుకోడానికి అందరూ భయపడితే, పాడైతే తిడతారు అంతేగా అని తనే ముట్టుకుంది. అప్పటి నుంచి సర్వర్లన్నీ ఆవిడ మెడకే. ఇంట్లో గడియారాలు బాగుచేసే భర్త, ఎనభై దాటిన అత్తగారు. భర్తకి గడియారంలో ఏ చక్రం అరిగిందో చెప్పగల నేర్పుంది గానీ పెరటి తలుపు ఎప్పుడు గడియ వెయ్యాలో మాత్రం ముప్ఫై ఏళ్లుగా తెలియలేదట.

క్యాష్ అంటే ఏమిటో నాకు అర్థమయ్యేలా చెప్పింది కూడా ఆ పెరటి తలుపు పుణ్యమే.

"మా అత్తయ్యని చూడు. పొద్దున్నే వరండాలో కుర్చీ వేసుకుంటుంది. ఎవరొచ్చి మా ఆయన గురించి అడిగినా, లోపలికి తొంగి చూడకుండానే ఇంట్లో లేడు నాయనా అంటుంది. ఆయన వెళ్లడం చూసింది కాబట్టి. జవాబు చిటికెలో వస్తుంది, అడిగినవాడికి నిలబడే పని ఉండదు. అదే క్యాష్. ఈయన పెరటి తలుపులోంచి వచ్చి పడుకున్నాడనుకో, ఆ సంగతి ఎవరో ఒకరు అత్తయ్య చెవిన వెయ్యాలి. వెయ్యలేదో, లోపల గురక వినిపిస్తున్నా సరే, ఇంట్లో లేడనే అంటుంది."

మా డిపోలో డ్రైవర్ల డ్యూటీల పట్టిక అంతా లోపలి పెద్ద సర్వర్లో ఉంటుంది. ఎనిమిది వందల మంది ఒకేసారి ఫోన్లు తెరిచి నా డ్యూటీ ఎప్పుడని అడిగితే దానికి ఊపిరాడదు. అందుకని ఎవరు ఏది అడిగినా దాని నకలొకటి వరండాలో, అంటే క్యాష్‌లో, ఇరవై నాలుగ్గంటలు ఉంచుతారు. ఈలోపు డ్యూటీ మారితే ఆ నకలు చెరిపెయ్యమని లోపలి నుంచి కబురు వెళ్లాలి. ఎక్కడైనా తేడా వస్తే మొత్తం నకళ్లన్నీ ఒక్క దెబ్బకి తుడిచేస్తారు. దాన్నే మావాళ్లు క్లియర్ కొట్టడం అంటారు. ఫోన్ ఎత్తితే చాలు, ముందు క్లియర్ కొట్టండి మేడమ్ అంటారు. జ్వరమని ఫోన్ చేసి సెలవడిగిన క్లర్కుకి కూడా మేనేజర్‌గారు పరధ్యానంలో ఒకసారి అదే చెప్పారు.

కిందటేడు చివర్లో కొత్త సాఫ్ట్‌వేర్ వచ్చింది. అది వచ్చాక సున్నా బ్యాచ్‌కి కష్టాలు మొదలయ్యాయి. మా దగ్గర పాత డ్రైవర్ల బ్యాడ్జి నంబర్లు సున్నాతో మొదలవుతాయి. ఆ సున్నా వాళ్లకి మీసం లాంటిది. నీ నంబరెంత అంటే నాలుగొందల పదిహేడు అనరు, "సున్నా, నాలుగు, పదిహేడు" అని ఆగి ఆగి చెబుతారు. ఇప్పుడు ఆ పెద్దవాళ్లే డ్యూటీలు తప్పుతున్నారు. పొద్దుటి బండికి మధ్యాహ్నం వస్తారు, అడిగితే ఫోన్లో అలాగే ఉందంటారు. తీరా చూస్తే ఫోన్లో సరిగ్గానే ఉంటుంది. కుర్ర డ్రైవర్లకి ఈ తిప్పలేదు. దాంతో మతిమరుపు బ్యాచ్ అనే పేరు పడింది. తాతయ్యకి కళ్లజోడు కొనిపెట్టండిరా అని క్యాంటీన్లో ఒకటే వెటకారం.

సున్నా నాలుగు పదిహేడుకి అలా రెండు ఆబ్సెంట్లు పడ్డాయి. మూడోది పడితే విచారణ. విచారణలో తప్పు తేలితే స్టీరింగ్ తీసేసి బస్సులు కడిగే షెడ్డుకి పంపుతారు. ముప్ఫై నాలుగేళ్లలో బండికి గీత పడనివ్వని మనిషి. రిటైరవడానికి ఇంకా పద్నాలుగు నెలలుంది.

మూడోది ఒక గురువారం పడింది. ఆబ్సెంట్ పడిందని కబురు అంది, తొమ్మిదింటికి ఆయన గస పోసుకుంటూ పైకి వచ్చాడు. నేను ఏదో ప్రింటు కోసం ఆ గదిలోనే ఉన్నాను. ఫోన్ని నిండా నీళ్లున్న గ్లాసులా రెండు చేతుల్తో పట్టుకుని చూపించాడు. మధ్యాహ్నం రెండు గంటల డ్యూటీ. కింద ఆఫీసులో స్క్రీన్ మీదేమో పొద్దున ఐదున్నర. నిన్న సాయంత్రం ఆరింటికి మార్చారట.

"చెల్లెమ్మా, నాకు నిజంగానే మతి పోతోందా? అదొక్కటి చెప్పు చాలు, నేనే దిగిపోతాను" అన్నాడు.

ఆవిడ జవాబు చెప్పేలోగా ఫోన్ మోగింది. మేనేజర్‌గారు. సున్నా బ్యాచ్ మళ్లీ గొడవ చేస్తోంది, క్లియర్ కొట్టెయ్యండి అన్నారు. ఆవిడ చెయ్యి అలవాటు కొద్దీ కీబోర్డు మీదకి వెళ్లింది. అక్కడే ఆగిపోయింది. ఆ మొహం నాకింకా గుర్తు. కిందటి రెండుసార్లూ ఆయన ఈ మెట్లెక్కి వచ్చేలోపు క్లియర్ కొట్టింది తనే. ఆయన మాట నిజమని చెప్పే ఒకే ఒక్క సాక్ష్యాన్ని రెండుసార్లు తన చేత్తోనే తుడిచేసింది.

"కొట్టను సార్" అంది.

అవతల ఫోన్ పెట్టేసిన చప్పుడు, వెంటనే మెట్ల మీద బూట్ల చప్పుడు. మేనేజర్‌గారు చెడ్డమనిషి కాదు, ఏ తలనొప్పీ మధ్యాహ్నం భోజనం దాకా రాకుండా చూసుకునే మనిషి. రోజూ చేసే పనికి ఇవాళ పేచీ ఏమిటన్నారు.

"రోజూ చేశాను కాబట్టే నాలుగు నెలలైనా రోగం ఏమిటో తెలియలేదండీ. ఇవాళ చూసేదాకా చెరపను. చెరపాలంటే కాగితం మీద రాసివ్వండి. కారణం కూడా రాయండి."

ఆయన విసురుగా పెన్ను తీశారు. క్యాష్ క్లియర్ చేయవలెను అని రాశారు. కారణం అని రాసి రెండు చుక్కలు పెట్టారు. ఆ రెండు చుక్కల దగ్గర చాలాసేపు నిలబడ్డారు. ఈ కాగితం రేపు ఆడిట్ వాళ్ల కంటపడితే ఏమనుకుంటారో తట్టినట్టుంది, మడిచి జేబులో పెట్టుకున్నారు. వెళ్తూ వెళ్తూ, విచారణ మూడింటికి, ఆఫీసర్‌గారు పెద్దాఫీసు నుంచి వస్తున్నారు, తర్వాత మీ సంగతి చూస్తాను అన్నారు. చూడండి సార్, నేనెక్కడికీ పోను అంది క్యాషక్కయ్య, చలికి స్వెట్టర్ బొత్తాలు పెట్టుకుంటూ.

ముందు ఆవిడ చేసిన పని, క్యాష్‌ని పక్కన కూర్చోబెట్టడం. చెరపలేదు, ఎవరికీ జవాబు చెప్పకుండా నోరు మాత్రం మూయించింది. ఇక ఎవరేది అడిగినా లోపలి సర్వరే చెప్పాలి. అందరికీ సరైన డ్యూటీ కనిపిస్తుంది గానీ ఒక్కో స్క్రీన్ తెరుచుకోడానికి నిమిషం పడుతుంది. డిపో అంతా గోల మొదలైంది. ఆవిడ ఫోన్ రిసీవర్ తీసి పక్కన పెట్టేసింది. నాలుగింటికి ఆ పాత నకలు గడువు తీరి దానంతటదే పోతుంది, ఎందుకంటే నిన్న నాలుగింటికే పెద్దాయన ఫోన్లో డ్యూటీ చూసుకున్నాడు. రోగమేమిటో ఆలోపే దొరకాలి.

చెరిగిపోవలసి ఉండీ చెరగని నకళ్ల జాబితా తీసింది. నలభై ఒకటి. నన్ను చదవమని తను కాగితం మీద రాసుకుంది. నేను బద్ధకంగా నాలుగొందల పదిహేడు, ఐదొందల రెండు అని చదువుతున్నాను. పదో నంబరు దగ్గర కాబోలు, "ఉన్నది ఉన్నట్టు చదువు తమ్ముడూ, సున్నా మింగెయ్యకు" అని కసిరింది. కసిరి, పెన్ను కింద పెట్టి, కుర్చీలో వెనక్కి వాలి నవ్వడం మొదలుపెట్టింది.

కొత్త సాఫ్ట్‌వేర్ కూడా నాలాగే చదువుతోంది. ముందున్న సున్నాకి విలువేముందని మింగేసి, 417 నకలు చెరపమని కబురు పంపుతోంది. వరండాలో ఆ పేరుతో ఎవరూ లేరు. అక్కడున్నది 0417. ఆ నకలు కాలు మీద కాలు వేసుకుని పాత డ్యూటీనే చెబుతూ కూర్చుంది. సున్నా లేని కుర్రవాళ్లకి కబురు సరిగ్గా అందుతోంది.

మూడుంపావుకి క్యాషక్కయ్య విచారణ గది తలుపు తోసింది. కాగితాల కట్ట మోసుకుంటూ వెనక నేను. పెద్దాయన గోడ పక్కన నిలబడి ఉన్నాడు. మేనేజర్‌గారు వయసు, చూపు, ఆరోగ్యపరీక్ష అంటూ ఏదో చెబుతున్నారు. ఆఫీసరు తలెత్తి, మీరెవరు, మిమ్మల్ని పిలవలేదే అన్నాడు.

"పిలవరనే వచ్చానండీ."

కుర్చీ ఇవ్వలేదు, అడగలేదు. బల్ల మీద కంప్యూటర్ తనవైపు తిప్పుకుని పాత నకలు బయటికి తీసింది. నిన్న నాలుగింటికి తయారైంది, ఆరింటికి చెరగాలి, చెరగలేదు. పక్కనే, సున్నా మింగేసి పంపిన కబురు. మిగిలిన నలభై మందీ ఆ కిందే. అంతకుముందు పడిన రెండు ఆబ్సెంట్లకి రుజువు చూపించలేనని, ఆ రెండుసార్లూ క్లియర్ కొట్టి దాన్ని చెరిపేసింది తనేనని, కావాలంటే ఆ తప్పు తన పేరున రాసుకోమని చెప్పింది. మతిమరుపు మాత్రం ఇక ఎవరి పేరునా రాయొద్దంది. అన్నీ గొంతు పెంచకుండానే చెప్పింది.

ఆఫీసరు రెండుసార్లు నంబర్లు పోల్చి చూసుకుని, మూడు ఆబ్సెంట్లూ కొట్టేసి, డ్రైవర్ నంబర్ 417 నిర్దోషి అని రాశాడు. పెద్దాయన బల్ల దగ్గరికి వచ్చి, ముందు సున్నా పెట్టండి సార్ అన్నాడు. పెట్టేదాకా కదల్లేదు.

ఆఫీసరు లేచి వెళ్లాక మేనేజర్‌గారికి పొద్దుటి కోపం గుర్తొచ్చింది. తన మాట విననందుకు ఏమీ అనలేకపోయారు, ఇంకేదో ఒకటి అనాలిగా. "అదంతా సరేనమ్మా, పొద్దుటి నుంచీ మీ సర్వర్ ఒక్కో స్క్రీన్‌కి నిమిషం తీసుకుంది. మనుషులు నానా తిట్లూ తిడుతున్నారు. ఇంత స్లోగా ఎప్పుడైనా పనిచేసిందా?"

క్యాషక్కయ్య కాగితాలు సర్దుకుంటూనే అంది:

"నాలుగు నెలలు ఫాస్టుగా అబద్ధాలు చెప్పింది కదండీ, ఇవాళొక్కరోజు నిదానంగా నిజం చెప్పనివ్వండి."