వాది చేతి చాయ్

జిల్లాలు చీలిన రెండో ఏడు, వేసవి సెలవులు ముగిసి కోర్టులు తెరిచిన జూన్‌లో నన్ను సూర్యాపేట నుంచి కోదాడకూ మిర్యాలగూడకూ నడుమ ఉన్న ఒక చిన్న మునిసిపల్ పట్టణానికి బదిలీ చేశారు. ఊరి పేరు చెప్పను. అప్పటివాళ్లలో సగం మంది ఇంకా కొలువులోనే ఉన్నారు, నాకేమో పింఛను తిని హాయిగా ఉండాలని ఉంది. నా హోదా జూనియర్ సివిల్ జడ్జి కోర్టులో సూపరింటెండెంట్. తీర్పు చెప్పేది జడ్జి. ఆ తీర్పు దాకా కాగితాన్ని నడిపించేది సూపరింటెండెంట్. దావా పత్రం సక్రమంగా ఉందో లేదో చూడటం, నంబరు వేయించడం, సమన్లు పంపించడం, సిబ్బందిని అదుపులో ఉంచడం నా పనులు. చివరిది తప్ప అన్నీ సులువే.

కోర్టు మంజూరైంది గానీ భవనం మంజూరు కాలేదు. అందుకని తహసీల్దారు కార్యాలయంలో సగం ఖాళీ చేయించి మాకిచ్చారు. రెండు శాఖలకూ వరండా ఒకటే, నల్లా ఒకటే. డిప్యూటీ తహసీల్దారు కూర్చునే గది జడ్జి గారి ఛాంబర్ అయింది. ఆ గదికీ తహసీల్దారు గదికీ మధ్య ఒక తలుపు ఉండేది. న్యాయశాఖను కార్యనిర్వాహక శాఖ నుంచి వేరుగా ఉంచాలని రాజ్యాంగం యాభయ్యో అధికరణంలో చెప్పింది. మా తలుపుకు మాత్రం గడియ లేదు, పెట్టించాలని ఎవరికీ తట్టలేదు.

జనం తికమక చెప్పనలవి కాదు. కులం సర్టిఫికెట్ కావలసినవాళ్లు కోర్టు హాల్లోకి వచ్చి చేతులు కట్టుకుని నిలబడేవారు. మొగుడి మీద ఖర్చుల దావా వేయాల్సిన ఆడమనిషి తహసీల్దారు ముందు కళ్లనీళ్లు పెట్టుకునేది. నేరేడుచర్ల వైపు నుంచి వచ్చిన ఒక పెద్దాయన పట్టా పాసుపుస్తకం కోసం ఏకంగా సాక్షి బోను ఎక్కాడు. దిగమంటే దిగడు. "ఈడికెక్కి చెప్తేనే రాసుకుంటరంట గదా" అన్నాడు. జడ్జి గారు ఓపిగ్గా ఆయన గోడు విని, వరండా అవతలి గది చూపించారు. ఆమె కరీంనగర్ వైపు మనిషి, చిన్న వయసు, అదే మొదటి పోస్టింగు. గొంతు పెంచగా నేనెప్పుడూ వినలేదు.

రెండు శాఖలకూ చాయ్ కూడా ఒకటే. ఆవరణ గేటు పక్కన రేకుల కొట్టులో మరియమ్మ కాసేది. అనంతగిరి దగ్గర పల్లె ఆమెది. నాట్లకూ కోతలకూ కూలికి పోయి పోయి, మోకాళ్లు మొరాయించాక ఈ కొట్టు పెట్టుకుంది. భర్త లేడు. ఆమె బతుకు మొత్తం ఆ పొయ్యి మీదే. నా సర్వీసులో చాలా ఊళ్ల నీళ్లు తాగాను గానీ అంత చిక్కటి అల్లం చాయ్ ఎక్కడా దొరకలేదు. అది లేకపోతే నాకు పొద్దు గడిచేది కాదు.

ఇంతలో స్థానిక ఎమ్మెల్యే గారు తన నియోజకవర్గ నిధులతో ఆవరణకు కమాను గేటు కట్టించాలని సంకల్పించారు. గేటు రావలసిన చోటే మరియమ్మ కొట్టు. తహసీల్దారు ఆక్రమణల చట్టం కింద ఆమెకు నోటీసు ఇచ్చారు: గురువారంలోగా తీసేయకపోతే మేమే తీసేస్తాం. ఆయన కోదాడ మనిషి, మహా మర్యాదస్తుడు. నోటీసు స్వయంగా తీసుకెళ్లి ఇచ్చి, ఒక చాయ్ పోయమ్మా అన్నారట. ఆమె ఒక చేత్తో నోటీసు అందుకుని రెండో చేత్తో చాయ్ అందించింది.

మర్నాడు పొద్దున్నే ఆమె నా బల్ల ముందు నిలబడింది.

"సారూ, గీ కొట్టు పోతే నేను మల్ల కైకిలికి వోలేను. మీ కోర్టుల నాకు జర న్యాయం దొరుకుతదా?"

కోర్టు ఉద్యోగి ఎవరికీ సలహా చెప్పకూడదు. దారి మాత్రం చూపించవచ్చు. వకీలును పెట్టుకునే స్తోమత లేనివాళ్లకు న్యాయసేవల కమిటీ ఉచితంగా వకీలును ఇస్తుంది, ఆ గది చూపించాను. కమిటీ ఇచ్చిన యువ వకీలమ్మ మంగళవారానికల్లా దావా వేసింది. ప్రభుత్వం మీద దావా వేయాలంటే సివిల్ ప్రొసీజర్ కోడ్ ఎనభయ్యో సెక్షన్ ప్రకారం ముందు రెండు నెలల నోటీసు ఇవ్వాలి. అత్యవసరమైతే జడ్జి అనుమతితో వెంటనే వేయవచ్చు, కానీ ప్రభుత్వం తరఫు వాదన వినకుండా పని ఆపే ఉత్తర్వు ఇవ్వకూడదు. అందుకని జడ్జి గారు ప్రభుత్వ న్యాయవాదికి నోటీసు ఇప్పించి, గురువారం పదిన్నరకు విచారణ పెట్టారు. ఆ పూటే జేసీబీ కూడా రావాలి.

ఆ సాయంత్రం నన్ను ఛాంబర్‌కు పిలిచారు.

"సూపరింటెండెంట్ గారూ, గేటు దగ్గర చాయ్ అమ్మే ఆమె ఇప్పుడు మన ముందు వాది. ఈ దావా తేలేదాకా ఆమె చాయ్ మన సిబ్బందిలో ఎవరూ తాగకూడదు."

డబ్బులిచ్చి తాగితేనో అని అడిగాను. ఇచ్చినా సరే అన్నారు. తహసీల్దారు ఆఫీసు వాళ్లు తెప్పించుకునే దాంట్లోంచి అంటూ నసిగాను. "ఆయన ప్రతివాది కదండీ" అన్నారు నవ్వుతూ. సూత్రం బుర్రకు ఎక్కింది, నాలుకకు ఎక్కలేదు. బస్టాండు నుంచి ఫ్లాస్కులో తెప్పించిన చాయ్ చల్లారి, చక్కెర పాకంలా ఉండేది. స్టెనోగ్రాఫర్ ఒక గుక్క తాగి, నేనేదో ఆయన సొత్తు కాజేసినట్టు నా వైపు చూశాడు. మా అటెండరు మధ్యాహ్నం మాయమైతే ఎక్కడికి పోయాడో అడగకుండానే నాకు తెలిసేది. పిలిచి మందలించాను. మందలిస్తుంటే అతని నోట్లోంచి అల్లం వాసన వచ్చి నాకు మరింత కోపం వచ్చింది.

మరియమ్మ దీన్ని మరోలా అర్థం చేసుకుంది. జడ్జి గారు చెప్పిన మర్నాడే, బుధవారం నేను గేటు దాటుతుంటే అడ్డం వచ్చింది.

"నేను దావ ఏసిననని నా మీద కోపానికొచ్చిన్రా సారూ?"

ఆ ముఖం చూస్తే నాకు కష్టమనిపించింది. "కోపం కాదమ్మా. రేపు నీ దిక్కు ఉత్తర్వు వస్తే, చాయ్ తాగి ఇచ్చిన్రని ఎవడూ అనొద్దు గదా" అన్నాను.

"మరి తహసీల్దార్ సారు రోజూ తాగుతుండు?"

"ఆయన తాగొచ్చు. తీర్పు చెప్పేది ఆయన కాదు గదా."

ఆమె నవ్వింది. "కొట్టు పీకేటోల్లకు వోయొచ్చు, కాపాడేటోల్లకు వోయొద్దు. గిదేం కానూను సారూ."

కాపాడతారని ఇప్పుడే అనుకోవద్దని చెప్పి వచ్చేశాను.

ఆ మధ్యాహ్నమే అసలు సంగతి జరిగింది. నేను ఛాంబర్‌లో సంతకాలు పెట్టిస్తుండగా మధ్య తలుపు తెరుచుకుని తహసీల్దారు లోపలికి వచ్చారు. చంకలో సర్వేయరు గీసిన స్కెచ్.

"మేడమ్, ఇది చిన్న విషయమండి. ఆవిణ్ణి రోడ్డున పడెయ్యాలని నాకూ లేదు. బస్టాండు కాడ చోటు కూడా చూసిపెట్టా. ఈ స్కెచ్ ఒక్కసారి చూశారంటే మీకే తెలిసిపోద్ది."

ఆయన మనసులో కపటం లేదు. పక్కగదే కదా, చెప్పేస్తే ఒక పని అయిపోతుందనుకున్నారు. ఒకే కప్పు కింద మసిలేవాళ్లు మాత్రమే చేసే పొరపాటు అది. జడ్జి గారు స్కెచ్ వైపు చూడనైనా లేదు.

"తహసీల్దారు గారూ, మీరు పొరుగువారిగా వచ్చారా, ప్రతివాదిగా వచ్చారా?"

ఆయన స్కెచ్‌ను మళ్లీ చంకలో పెట్టుకుని, "పొరుగువాడిననే అనుకోండి" అన్నారు.

"అయితే కూర్చోండి, మంచినీళ్లు తెప్పిస్తాను. ఆ స్కెచ్ మాత్రం మీ గదిలో పెట్టి రండి. రేపు మీ న్యాయవాది దాన్ని ముందు వాకిలి గుండా తెస్తారు."

ఆయన వెళ్లి స్కెచ్ పెట్టి, నిజంగానే తిరిగొచ్చి కూర్చున్నారు. మంచినీళ్లు తాగి, సాగర్ ఎడమ కాలువకు ఈసారి నీళ్లు ఎప్పుడు వదులుతారో మాట్లాడి లేచారు. ఆ సాయంత్రమే మా వైపున గడియ బిగించారు. మర్నాడు చూస్తే తహసీల్దారు తన వైపున కూడా ఒకటి బిగించుకున్నారు. మర్యాదస్తుల వ్యవహారం అలాగే ఉంటుంది.

చీకటి పడేముందు ఆఫీసు ఫోను మోగింది. ఎమ్మెల్యే గారు. మేడమ్‌తో జర మాట్లాడియ్యమన్నారు. విచారణలో ఉన్న దావా గురించి మేడమ్ ఎవరితోనూ మాట్లాడరని చెప్పాను.

"చట్టాలు చేసేటోల్లం మేము. మాకే చట్టం చెప్తున్నవా?"

"చేసేది మీరే సార్. మేడమ్ చదువుతరు. చదివేటప్పుడు పక్కన ఎవరూ నిలబడొద్దు, అంతె."

బదిలీ ఏ అడవికో అని లెక్కలు వేసుకుంటున్నాను. "నువ్వు సూర్యాపేటోనివా?" అన్నారు. అవునన్నాను. "గా నోరు చూసి అనుకున్న" అని నవ్వి పెట్టేశారు.

గురువారం పదిన్నరకు మా అటెండరు వరండాలో నిలబడి మూడుసార్లు పిలిచాడు. పిలుపు ఎవరికైనా ఒకటే, పేరుకు ముందూ వెనకా బిరుదులుండవు. "వాది మరియమ్మ, ప్రతివాది తహసీల్దార్" అని అరిచేసరికి సర్టిఫికెట్ల కోసం వచ్చిన జనమంతా అటు తిరిగారు. మా సారును అట్ల పిలుస్తవా అని అవతలి అటెండరు తగాదాకు వచ్చాడు. తహసీల్దారే అతన్ని ఆపి, హాల్లోకి వచ్చి న్యాయవాది వెనక నిలబడ్డారు. బయట జేసీబీ ఇంజను ఆపుకుని కూర్చుంది.

ప్రభుత్వ న్యాయవాది స్కెచ్ చూపించి, స్థలం సర్కారుదని చెప్పారు. వకీలమ్మ ఒప్పుకుంది. స్థలం మాది అనడం లేదు, తీసే పద్ధతి ఇది కాదంటున్నాం అంది. వీధి వ్యాపారుల కోసం పార్లమెంటు చేసిన చట్టం ఒకటుంది. పట్టణంలో వ్యాపారుల సర్వే జరిగి ధ్రువపత్రాలు ఇచ్చేదాకా ఎవరినీ తొలగించకూడదని అందులో ఉంది. సర్వే చేయించాల్సింది మునిసిపాలిటీ.

"ఈ పట్టణంలో సర్వే జరిగిందా?" అని జడ్జి గారు అడిగారు. ప్రభుత్వ న్యాయవాది తహసీల్దారు వైపు చూశారు. తహసీల్దారు పైకప్పు వైపు చూశారు. జరగలేదు. ఢిల్లీలో చేసిన చట్టం, హైదరాబాదులో రాసిన నియమాలు, మా ఊళ్లో ఎవరూ చేయని సర్వే, మూడూ వచ్చి ఆ రేకుల కొట్టు మీద పడ్డాయి. సర్వే పూర్తయ్యేదాకా యథాతథ స్థితి కొనసాగాలని ఉత్తర్వు. స్థలం ప్రభుత్వానిదేనన్న సంగతినీ అందులో స్పష్టంగా రాయించారు. జేసీబీ వచ్చిన దారినే పోయింది.

ఆ తర్వాత ఎమ్మెల్యే గారు అలగలేదు. గేటు కావాలంటే సర్వే కావాలని అర్థం చేసుకుని మునిసిపాలిటీ వెంటపడ్డారు. ఏళ్ల తరబడి కదలని పని ఆగమేఘాల మీద పూర్తయింది. పండ్ల బండ్లవాళ్లకూ మిర్చి బజ్జీలవాళ్లకూ ధ్రువపత్రాలు వచ్చాయి. మరియమ్మకు ఆవరణ గోడవారగా, గేటుకు అవతలి పక్కన చోటు కేటాయించారు. గేటూ లేచింది, కొట్టూ లేచింది. మధ్యాహ్నం ఎండ మొహాన కొడుతున్నదని మరియమ్మ తహసీల్దారు మీద ఫిర్యాదు చేస్తే, ఆయన ఒక తాటాకు పందిరి వేయించారు. దావా ముగిసిన రోజు మా సిబ్బంది మొత్తం గేటు దగ్గరే దొరికారు, నేనూ వాళ్లలోనే ఉన్నాను.

ఈ సంగతి తరువాత చాలాసార్లు ఆలోచించాను. తహసీల్దారు ఆ రోజు ఛాంబర్‌లో చెప్పిన మాటల్లో ఒక్క అబద్ధం లేదు. జడ్జి గారు స్కెచ్ చూసివుంటే నమ్మేవారు, నేను నమ్మాను కూడా. సర్వే జరగలేదన్న మాట మాత్రం ఆయన చెప్పలేదు, ఎందుకంటే అలాంటి సర్వే ఒకటి కావాలనే ఆయనకు తెలియదు. అది చెప్పగలిగినవాళ్లు ఆ గదిలో లేరు. చెడ్డవాడు తలుపు తడితే ఎవరైనా గడియ పెడతారు. మంచివాడు తడితే తీస్తారు, మరియమ్మ లాంటివాళ్లు ఓడిపోయేది అప్పుడే. ఒక మనిషి బతుకు గురించి ఒక అధికారి మరో అధికారికి ఏం చెప్పదలచుకున్నా, ఆ మనిషి వినేచోట చెప్పాలి.