లేతు మేస్త్రి పీతబండి

లేతు మేస్త్రి గురించి ఆ వీధిలో ఒక కథ ఉంది. కటింగ్ షాపులో కొత్తవాళ్లెవరు కుర్చీ ఎక్కినా, గడ్డానికి నురగ పట్టించేలోపు ఆ కథ పూర్తయిపోతుంది.

"సొంతంగా మూడుచక్రాల బండి కట్టాడండీ. దాని పేరు పీత. రాళ్లేమిటి, బురదేమిటి, ఎక్కడైనా పోతుందని చెప్పి వాళ్లక్కని వెనకాల కూర్చోబెట్టుకుని ఊరవతల కొండగట్టు మీదికి బయల్దేరాడు. సగం దారిలో ఇంజను పట్టేసింది. పాపం ఆవిడ కాళ్లీడ్చుకుంటూ దిగొచ్చింది. ఈయనకేమో బాగుచెయ్యడం చేతకాలేదు. మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలీక షెడ్డులోకి తోసి తాళం వేశాడు. పందొమ్మిదేళ్లయింది, ఆ తాళం తియ్యలేదు."

ఈ కథ ఆ అక్కకీ తెలుసు. తన ముందు ఎవరైనా చెప్పినా కాదనేది కాదు. నడిచి దిగొచ్చింది తనే కదా. ఆ రోజు దారిలో నిలబడి, "ఇంక నీ బండి ఎక్కితే నన్నడుగు" అని తమ్ముడి మొహాన అనేసిందీ తనే. అన్న మాట మీద నిలబడి, పందొమ్మిదేళ్లు గట్టు మీదికి నడిచే పోయింది.

గట్టు మీద ఆవిడకి పదకొండు తేనెపెట్టెలు ఉన్నాయి. కుట్టుమిషను మీద వంగి వంగి నడుం పట్టేశాక మొదలుపెట్టిన పని అది. వారానికోసారి పైకి పోయి పెట్టెలు తెరిచి, చట్రాలు తీసి చూసుకుని, ఈగలతో నాలుగు మాటలు మాట్లాడి వచ్చేది. ఈ ఏడు మోకాలు మొరాయించింది. నెలన్నరగా పైకి పోలేదు. చూస్తే పూల కాలం. పెట్టెల్లో చోటు చాలకపోతే ఈగలు సగానికి సగం లేచిపోతాయి. గట్టు అవతల పళ్లతోట ఆయన కబురు పెట్టాడు: ఈ వయసులో మీకెందుకు అవస్థ, ఆదివారం వచ్చి పెట్టెలన్నీ నేను తీసుకుపోయి చూసుకుంటాను అని. అందులో తప్పుపట్టడానికేమీ లేదు. ఆవిడ సరేనంది. సరేనన్న పూట అన్నం సయించలేదు.

సోమవారం పొద్దున్నే తమ్ముడు వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు.

"తోటాయన ఆదివారం ఎన్నింటికి వస్తానన్నాడు?"

"తెల్లారేసరికే వస్తాడట."

"పదింటికి రమ్మను."

"ఎందుకురా?"

"చూద్దాం," అని వెళ్లిపోయాడు.

ఆయన నోట చేస్తాననే మాట ఎవరూ వినలేదు. చేతకాదనే మాటా వినలేదు. ఏదడిగినా చూద్దాం అంటాడు. పధ్నాలుగో ఏట ఇనుము తరిమెన పట్టే లేతు మిషను ముందు నిలబడ్డవాడు, యాభై ఆరు వచ్చినా అక్కడే ఉన్నాడు. చెవి మీద పెన్సిలు, జేబులో వెంట్రుకవాసి కూడా కొలిచే వెర్నియరు. పిండిమర ఇరుసయినా, నీళ్ల పంపు బుష్షయినా ఆయన చేతిలో పడితే మళ్లీ ఆ ముక్క గురించి ఎవరూ మాట్లాడుకోరు. కొత్తలో భార్య ఉంగరం కావాలంటే వేలికి వెర్నియరు పెట్టి కొలిచి, దుకాణంలో దశాంశ స్థానంతో సహా చెప్పాడట. ఆవిడ ఇప్పటికీ ఆ వేలు చూపించి నవ్వుతుంది.

మధ్యాహ్నానికి అక్క చేతికర్ర పుచ్చుకుని షెడ్డు దగ్గరికి పోయింది. తాళం తీసి ఉంది. లోపల గోనెపట్టాలు తొలగించి ఉన్నాయి. మధ్యలో పీత.

ముందు ఒక చక్రం, వెనక రెండు. మామూలు టైర్లు కావు. లారీ ట్యూబుల్లో సగం గాలే నింపి, పాత బెల్టు ముక్కలు చుట్టి కట్టినవి. రాయెక్కితే రాయి ఆకారానికి అణిగిపోయి దాటేసేవి. ఇప్పుడు పగుళ్లిచ్చి నేలకి అతుక్కుపోయాయి. ఇంజను ఎవరో పారేసిన మోటార్‌సైకిల్‌ది, టూ స్ట్రోక్. వెనక చెక్కపళ్లెం, తేనెపెట్టెలు కదలకుండా అంచులు కట్టి ఉంది. సీటు పక్కన ఒక ఇనప పిడి. అది తన చేతి ఎత్తుకి సరిగ్గా కొలిచి పెట్టిన పిడి అని అక్కకి తెలుసు. చూడనట్టు ఊరుకుంది.

"ఇది లేస్తుందంటావా?"

ఆయన కిక్కు రాడ్డుని చేత్తో మెల్లగా నొక్కాడు. అది నునుపుగా కిందికి దిగింది. లోపల ఏదో మెత్తగా నిట్టూర్చింది.

"బిగుసుకుపోలేదే?"

"లోపల పెట్టేసిన రోజునే ప్లగ్గు కన్నంలోంచి నూనె పోసి పెట్టాను."

"చచ్చిన ఇంజనుకి నూనె దేనికిరా?"

"ఆ స్పానరు ఇలా ఇవ్వక్కా."

ఆ వారమంతా ఆవిడ అక్కడే స్టూలు వేసుకుని కూర్చుంది. సాయం చెయ్యడానికని చెప్పింది గానీ, నిజానికి ఇంట్లో కూర్చుంటే ఆదివారమే గుర్తొస్తోంది. కార్బురేటరు విప్పితే పాత పెట్రోలు బంకలా గడ్డకట్టి ఉంది. అందులోని సన్నటి కన్నాన్ని బ్రేకు తీగలోంచి లాగిన ఒక్క పోగుతో పొడిచి తెరిచాడు. ప్లగ్గు గీకాడు. ఎలకలు వైర్లు కొరికేశాయి, కొత్తవి వేశాడు. ట్యూబులు మార్చాడు. గురువారం కిక్కు కొడితే ఒక్క దగ్గు దగ్గింది. శుక్రవారం దగ్గు కూడా లేదు.

"నిన్నటికంటే వెనక్కి పోయింది," అంది అక్క.

"అలిగింది."

"నీ చేతిలో పుట్టింది కదా, నోరు తెరిచి చెప్పదు."

ఆయన ఆ మాటకి నవ్వి, ప్లగ్గుకి నిప్పురవ్వ అందించే కాయిలు విప్పి వడియంలా ఎండలో పెట్టాడు. లోపలి తేమ ఆరిపోయింది. శనివారం మధ్యాహ్నం మూడో కిక్కుకి పీత లేచింది. షెడ్డంతా నీలం పొగ. ఆయన భార్య వంటింట్లోంచి పరుగెత్తుకొచ్చి, "వదినా, బతికిందా?" అంది. ఆడవాళ్లిద్దరూ దగ్గుతూ, కళ్లు తుడుచుకుంటూ నిలబడ్డారు. ఆయన మాత్రం చెవి ఒగ్గి విని, ఏదో స్క్రూ పావు చుట్టు తిప్పి, ఆపేశాడు.

తర్వాత మర్నాటికి పెట్రోలు సిద్ధం చేశాడు. ఒకేలాంటి డబ్బాలు రెండు. ఒకదాంట్లో లీటరుకి నలభై మిల్లీలీటర్ల లెక్కన మందుసీసా మూతతో కొలిచి నూనె పోశాడు. మూత బిగించి, బాగా కుదిపి, జిడ్డు ఓడుతున్న పాతగుడ్డ ఒకటి దాని పిడికి రెండు ముళ్లు వేసి కట్టాడు.

"శుభ్రమైన డబ్బాకి ఆ మురికిగుడ్డ ఏమిట్రా. ఇలా ఇవ్వు, ఉతికి ఆరేస్తాను," అని అక్క చెయ్యి చాపింది.

ఆయన డబ్బాని చటుక్కున వీపు వెనక్కి లాక్కున్నాడు.

"దీన్ని మాత్రం ముట్టుకోకు."

తమ్ముడు అంత గబుక్కున మాట్లాడటం ఆవిడ ఎప్పుడూ వినలేదు.

"ఏం?"

"నూనె కలిపింది ఇదీ అని గుర్తు. ఈ ఇంజనుకి పెట్రోలుతోపాటే నూనె అందాలి. ఉత్త పెట్రోలు పోస్తే పిస్టను వేడెక్కి పట్టేస్తుంది."

అక్క చాపిన చెయ్యి వెనక్కి తీసుకుంది. షెడ్డు గుమ్మానికి అడ్డంగా ఉన్న తీగ మీద చూపు నిలిచిపోయింది. పందొమ్మిదేళ్ల కిందట, గట్టెక్కబోయే ముందురోజు, ఈ షెడ్డులోని జిడ్డుగుడ్డలన్నీ తను ఏరి, ఉతికి, ఆ తీగ మీదే ఆరేసింది. ఒకటి డబ్బా పిడికి కట్టి ఉంటే ముడి విప్పడానికి పళ్లు కూడా వాడింది. మర్నాడు తమ్ముడు స్నానానికి పోతే, వాడికి పని తప్పుతుందని, చేతికందిన డబ్బా ఎత్తి ట్యాంకు నింపేసింది.

"ఆ రోజు పెట్రోలు పోసింది నేను," అంది.

"ఊ."

"నీకు తెలుసా?"

"ఆగిపోయాక ట్యాంకులో వేలు ముంచి చూశాను. జిడ్డు లేదు."

"మరి చెప్పలేదేం?"

"అప్పటికే నిప్పులు కక్కుతున్నావు. చెబితే నన్ను కూడా ఉతికి ఆరేసేదానివి."

"పోనీ తర్వాత? ఊరంతా నీకు చేతకాదంటుంటే?"

"గుడ్డముక్క కట్టి వదిలేశాను. డబ్బాకి రంగు వెయ్యాల్సింది. నా తప్పే," అని ఆయన చేతులు తుడుచుకున్నాడు.

ఆ సాయంత్రం అక్క ఎర్రరంగు డబ్బా ఒకటి సంపాదించి, నూనె కలిపిన డబ్బాకి అడుగు నుంచి మూత దాకా పూసేసింది. పిడికి కూడా. అందరి చేతులూ ఎర్రబడ్డాయి.

ఆదివారం ఎండ పడగానే బయల్దేరారు. వెనక చెక్కపళ్లెంలో ఖాళీ పెట్టెలు నాలుగు, ఈగలకి పొగ పట్టే డబ్బా. కటింగ్ షాపు దాటేటప్పుడు కత్తెర చప్పుడు ఆగింది. కాలిబాట మొదలయ్యాక పీత నిజంగానే పీతలా పక్కలకి ఒరుగుతూ, రాళ్ల మీద మెత్తగా పాకింది. అప్పుడు ఆగిపోయిన చోటు, రెండు బండరాళ్ల మధ్య నిటారు ఎత్తు, దగ్గర పడ్డకొద్దీ అక్క ఇనప పిడిని ఇంకా బిగించి పట్టుకుంది. ఇక్కడ ఆగితే కిందికి నడవడానికి కూడా ఈసారి మోకాలు లేదు. పైన పెట్టెలూ దక్కవు.

ఎత్తులో ఇంజను గొంతు బరువెక్కింది. ముందు చక్రం నేల వదిలి తేలింది.

"అక్కా, ముందుకి వంగు. నా వీపు మీద పడిపో."

ఆవిడ పడిపోయింది. చక్రం నేలకి తగిలింది. ఆయన గేరు దించాడు. ముక్కుతూ మూలుగుతూ, గజం తర్వాత గజం, పీత పైకెక్కేసింది.

తోటాయన అప్పటికే వచ్చి, మొహానికి జాలీ కట్టుకుని నిలబడ్డాడు.

"దించెయ్యమంటారా అమ్మా?"

"దించేదేమీ లేదు బాబూ. ఈ చట్రం కాస్త పట్టుకో."

మూడు పెట్టెల్లో ఈగలు మరో రెండు రోజుల్లో లేచిపోయే స్థితిలో ఉన్నాయి. వాటికి ఖాళీ పెట్టెలు చేర్చి, మిగతావి సర్దేసరికి రెండు గంటలు పట్టింది. తమ్ముడు దూరంగా బండి పక్కన కూర్చున్నాడు. ఆయనకి తేనెటీగలంటే భయం.

తిరిగొచ్చాక ఆయన ట్యూబులు కడగడానికి పోయాడు. మరదలు మంచినీళ్లు తెచ్చి పక్కన కూర్చుంది.

"ఇప్పుడైనా వాడి మీద ఆ మాట పోతుందిలే," అంది అక్క. "పట్టేసిన ఇంజనుని బాగుచేసి చూపించాడు."

మరదలు వింతగా చూసింది.

"ఇప్పుడు ఆ ఇంజను విప్పనే లేదు కదా వదినా. పిస్టను అప్పుడే, ఎనిమిది రోజుల్లోనే మార్చేశారు. కొత్త పిస్టను వేసి, బండి తుడిచి, తెల్లారే గేటు ముందు పెట్టుకుని కూర్చున్నారు. నువ్వు బుట్ట పుచ్చుకుని ఇటువైపే వచ్చావు. తలైనా తిప్పకుండా నడిచిపోయావు. ఆ సాయంత్రం నూనె పోసి, పట్టాలు కప్పి లోపల పెట్టేశారు. పిలవండీ అంటే, ఎక్కనంది కదా అన్నారు."

అక్క గ్లాసు కింద పెట్టింది. లేచి షెడ్డులోకి పోయి, తమ్ముడి చేతిలోంచి తడిగుడ్డ లాక్కుని, రెండో చక్రం తుడవడం మొదలుపెట్టింది.

కటింగ్ షాపులో ఇప్పుడు కథకి కొత్త ముగింపు చేరింది. "మొత్తానికి బాగుచేశాడండీ, పందొమ్మిదేళ్లు పట్టింది," అంటున్నారు.

ఆ ఇంజను బాగవడానికి పట్టింది ఎనిమిది రోజులు.